చంద్రుడి నీళ్లు మధ్యాహ్నం తగ్గుతాయా? ఏ కొలతని నమ్మడం మేలు?

బెజవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతుంటాను. చంద్రయాన్ మాటెత్తితే చాలు, "సార్, అక్కడ మధ్యాహ్నానికి నీళ్లు పోయి సాయంత్రానికి మళ్లీ వస్తాయంట కదా?" అని అడుగుతారు. అవునో కాదో చెప్పే ముందు దేనితో కొలిచారో చూడాలి, ఎందుకంటే ఒక్కో కొలతా ఒక్కో మాట చెబుతోంది.

అందరికీ తెలిసింది 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గరి పరారుణ కాంతితో కొలవడం. మట్టిలో నీరుగానీ హైడ్రాక్సిల్‌గానీ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జత) ఉంటే అక్కడ కాంతిని మింగేస్తుంది. చంద్రయాన్-1లో వెళ్లిన నాసా పరికరం ఎం3 ఆ జాడ పట్టిందని 2009లో ప్రకటించారు. అదే ఏడాది నాసా అంతరిక్ష నౌక డీప్ ఇంపాక్ట్ చూస్తే ఉదయం, సాయంత్రం జాడ ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. చిక్కంతా ఇక్కడే ఉంది. చంద్రుడి మధ్యరేఖ దగ్గర మిట్టమధ్యాహ్నం నేల 120 డిగ్రీల దాకా కాగుతుంది, రోహిణి కార్తెలో బందరు రోడ్డు తారు సెగ కొట్టినట్టు ఆ నేల కూడా 3 మైక్రాన్ల దగ్గర సొంతంగా వెలుగు చిమ్ముతుంది, ఆ వెలుగు వచ్చి నీరు మింగిన మేరని పూడ్చేస్తుంది కాబట్టి నీరు ఉన్నా తక్కువున్నట్టే కనబడుతుంది. ఆ సెగని లెక్కలోంచి తీసేయాలి, దాన్ని నేరుగా కొలవాలంటే ఇంకా పొడవైన తరంగాలు చూడాలి, కానీ ఎం3 చూపు 3 మైక్రాన్ల దగ్గరే ఆగిపోయింది. 2018లో బ్యాండ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త బృందం సెగ లెక్కని వేరేగా కట్టి చూస్తే జాడ దాదాపు అన్నిచోట్లా ఉంది, పూటని బట్టి పెద్దగా మారలేదు!

6 మైక్రాన్ల కొలతకి హైడ్రాక్సిల్ గొడవ లేదు, అచ్చంగా నీటినే పడుతుంది. సోఫియా అనే విమాన టెలిస్కోపు క్లేవియస్ బిలం దగ్గర దాన్ని చూసిందని 2020లో చెప్పారు: ఘనమీటరు మట్టికి సుమారు 350 మిల్లీలీటర్లు. నీరుందని తేల్చడానికి ఇదే గట్టి సాక్ష్యం. పూటపూటా ఏమవుతుందో మాత్రం ఆ ఒక్క చూపుతో తేలదు, ఆ విమానాన్ని 2022లో ఆపేశారు కూడా.

ఇక చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్ఆర్ఓలోని ల్యాంప్ అనే పరికరం అతినీలలోహిత కాంతిలో చూస్తుంది. నేల ఎంత కాగినా ఆ కాంతిలో వెలగదు, కాబట్టి సెగ తంటా లేదు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం నీటి అణువులు మట్టి రేణువులని పట్టుకునే ఉంటాయి, మధ్యాహ్నం దగ్గరపడే కొద్దీ ఊడి దగ్గర్లో చల్లగా ఉన్న చోటికి గెంతుతాయి, నేల చల్లబడ్డాక మళ్లీ అతుక్కుంటాయి. అయితే ఇది చూసేది రేణువుల పైపొర మాత్రమే, ఆ కదిలే నీరూ బాగా కొంచెమే.

నా ఓటు ఈ ప్రశ్న వరకూ ల్యాంప్‌కే. చంద్రుడంతటికీ మ్యాపు కావాలంటే 3 మైక్రాన్లు తప్పవు, అందులో ఎం3 కన్నా చంద్రయాన్-2లోని పరారుణ పరికరం ఐఐఆర్ఎస్ మేలు: అది 5 మైక్రాన్ల దాకా చూస్తుంది, అంటే సెగని ఊహించక్కర్లేదు, నేరుగా కొలిచి తీసేయొచ్చు. మధ్యాహ్నం పూట పొడిగా కనబడే మ్యాపు ఎదురైతే ముందు ఆ సెగ లెక్క ఎలా కట్టారో చూడండి.