తడిసిందట, అందుకని వాటర్‌ప్రూఫ్ జాకెట్ వెనక్కి తీసుకోరట!

కోపం మీదున్నాను, రాత కాస్త అటూ ఇటూ పోతే సర్దుకుని చదవండి. బండి మీద దూరాలు వెళ్లేవాళ్లు వేసుకునే ఆ ఆల్ సీజన్ టూరింగ్ జాకెట్ ఉంది కదా, ఫోన్ తెరిస్తే చాలు యాడ్ వస్తుంది, అదే. ఎండకి మెష్ అనే గాలాడే జాలీ బట్ట, చలికి థర్మల్ లైనర్, వానకి వాటర్‌ప్రూఫ్ లైనర్ (లైనర్ అంటే లోపల జిప్పుతో తగిలించే పొర), ఒక్క జాకెట్‌తో అన్ని కాలాలూ గడిచిపోతాయట. పేరు రాయను, తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రివ్యూలన్నీ చదివి, టేపు పెట్టి ఛాతీ, చేతి పొడవు కొలుచుకుని మరీ ఆర్డర్ పెట్టాను, పెద్ద తెలిసినవాడిలా.

బయల్దేరేటప్పుడు ఎండే. దారిలో మబ్బు పట్టి చలిగాలి మొదలైంది, థర్మల్ లైనర్ తగిలించుకున్నాను, బాగానే ఉంది. తర్వాత వాన. అప్పుడు తెలిసింది, రెండు లైనర్లకీ కలిపి జాకెట్ లోపల ఉన్నది ఒకటే జిప్పు. వాన లైనర్ పెట్టాలంటే చలి లైనర్ పీకేయాలి. వాన పడేటప్పుడు చలి వేయదని వీళ్లకి ఏ మహానుభావుడు చెప్పాడో! లైనర్ లోపల తగిలించేది కాబట్టి రోడ్డు పక్కన ఆ వానలోనే జాకెట్ విప్పి, వణికే చేతులతో ఆ సన్న జిప్పు ఎక్కించి, మళ్లీ తొడుక్కునేసరికి చొక్కా సగం తడిసింది. పోనీలే, ఇకనైనా తడవం కదా అనుకున్నాను.

తడవకపోవడమా! చంకల దగ్గర మొదలై నడుము దాకా చల్లగా దిగింది. పై బట్ట నీళ్లు పీల్చి బరువెక్కింది, దాని మీద గాలి కొడుతుంటే ఒళ్లంతా జివ్వుమంది. లైనర్ లోపల పెట్టే జాకెట్లన్నిటితోనూ కొంత బాధ ఉంటుంది, ఒప్పుకుంటాను. లైనర్ ఎంత మంచిదైనా పై బట్ట తడుస్తుంది, పై జేబుల్లోకి నీళ్లొస్తాయి. నా బండి కాగితాలు ముద్దయ్యాయి, దాని గురించి కూడా గొడవ పెట్టలేదు. ఒళ్లు తడవకూడదు కదా, లైనర్ ఉన్నది అందుకేగా.

కస్టమర్ కేర్‌కి రాస్తే వీడియో ప్రూఫ్ పంపమన్నారు. ఇది గుర్తు పెట్టుకోండి, వీడియో అడిగింది వాళ్లు. సరేనని లైనర్ ఆరబెట్టి, తిరగేసి చూశాను. కుట్టు పడిన ప్రతిచోటా సూది బెజ్జాలుంటాయి, వాటిలోంచి నీళ్లు రాకుండా లోపలివైపు సీమ్ టేప్ వేడితో అతికించాలి. వీపు మీదా భుజాల మీదా నీటుగానే అతికించారు. చంక దగ్గర, కుట్లన్నీ వచ్చి కలిసే చోట, నాలుగు వేళ్ల ముందే టేపు ఆగిపోయింది. సరిగ్గా అక్కడే ఆగిపోయింది! చంక కిందికి వచ్చేలా లైనర్‌ని సంచిలా పట్టుకుని అందులో గ్లాసుడు నీళ్లు పోశాను. ఒక్కో బెజ్జం దగ్గర ఒక్కో చుక్క ఉబ్బి, పూసల దండలా వరసగా నిలబడి, తర్వాత టపటపా రాలడం మొదలైంది. ఫోన్ దగ్గరగా పెట్టి మొత్తం తీశాను. వాళ్ల పేజీలో 10,000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ రేటింగ్ అని గొప్పగా రాసుకున్నారు. ఆ అంకె, బట్ట మీద ఎంత ఎత్తున నీళ్లు నిలబెడితే కారుతుందో చెప్పేది. కుట్టు సంగతి అందులో ఉండదు.

వీడియో పంపాను. దానికి వచ్చిన జవాబు యథాతథంగా: "మీరు పంపిన వీడియోలో ప్రోడక్ట్ తడిసినట్లు స్పష్టంగా కనిపిస్తోంది. తడిసిన వస్తువులకు రిటర్న్ వర్తించదు."

వాటర్‌ప్రూఫ్ జాకెట్ అండీ అది. తడిసిందనేగా నా ఫిర్యాదు! తడిసిందని రుజువు చూపించమన్నదీ వాళ్లే, చూపిస్తే తడిసింది కాబట్టి వెనక్కి తీసుకోం అన్నదీ వాళ్లే. ఎవరో తెలియక పంపిన జవాబేమో అని ఫోన్ చేశాను. అవతల కుర్రాడు చాలా మర్యాదగా, ప్రతి మాటకీ సార్ అంటూ, "సార్, వాటర్‌ప్రూఫ్ అంటే చినుకులకి సార్, అంత వర్షంలో ఎవరైనా బండి నడుపుతారా సార్" అన్నాడు. నేను మాట్లాడేలోపే ఇంకోటి అందుకున్నాడు, "బండి స్పీడ్‌కి నీళ్లు ఫోర్స్‌గా కొడతాయి కదా సార్, దానికి కంపెనీ బాధ్యత ఉండదు." బండి జాకెట్ బండి మీద వేసుకోవడం నా తప్పన్నమాట. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని వేసుకోవాల్సింది. టేపు లేని సంగతి చెబితే "అది డిజైన్ సార్" అన్నాడు. డిజైన్! ఆ ఒక్క మాటకి ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఫోన్ పెట్టేసిన వెంటనే మెసేజ్, మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

ఆ మంటలో జాకెట్ మొత్తం తడిమి చూశాను. పేజీలో సీఈ సర్టిఫైడ్ జాకెట్, అంటే యూరప్ భద్రతా ప్రమాణాలకి సరిపోయినది అని ఉంది. పడితే దెబ్బ తగలకుండా పెట్టే మోచేతి ప్యాడ్ల మీద ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం లెవల్ 1 ముద్ర ఉన్నమాట నిజమే, కానీ అది ప్యాడ్‌కి. జాకెట్‌కి వేరే ప్రమాణం ఉంది, ఈఎన్ 17092. దాని ప్రకారం పాసైతే లోపల లేబుల్ మీద బైకర్ బొమ్మ, దానితో పాటు ఏఏఏ, ఏఏ, ఏ ఇలా క్లాస్ రాసి ఉంటుంది. నా జాకెట్ లేబుల్ మీద ఉన్నది ఎలా ఉతకాలన్న సంగతి ఒక్కటే. వీపు దగ్గర పెట్టిన ప్యాడ్ మీద ఏ ముద్రా లేదు, నొక్కితే నొక్కుకుపోయే నురగ ముక్క. లెవల్ 1 అని పేజీలో పెద్ద అక్షరాలతో చూసి జాకెట్ మొత్తానికీ అనుకున్నాను, నా తెలివికి నాకే దండం పెట్టుకోవాలి.

డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు బ్యాంకులో డిస్‌ప్యూట్ పెట్టాను, ఏమవుతుందో చూడాలి. ఆ వీడియోనే వాళ్లకీ పంపాను.

కొనబోయేవాళ్లకి నాకు తోచింది చెప్తాను. వాతావరణం గంటకోలా మారే దారుల్లో తిరిగేవాళ్లు లోపలి వాన లైనర్‌ని నమ్ముకోవద్దు. మంచి మెష్ జాకెట్ ఒకటి, దాని పైన తొడుక్కునే రెయిన్ సూట్ ఒకటి విడిగా కొనుక్కోండి. జాకెట్ విప్పే పని ఉండదు, పై బట్టా తడవదు, జేబులూ తడవవు, చలి లైనర్ లోపల ఉంటే అలాగే ఉంటుంది. గ్లౌజుల కఫ్ రెయిన్ సూట్ చేతి లోపలికి పోయేలా చూసుకోండి, లేదంటే చేతి మీద కారిన నీళ్లన్నీ గ్లౌజులోకే చేరతాయి. ప్యాడ్ల మీద ఈఎన్ నంబర్ పక్కన టీ ప్లస్, టీ మైనస్ గుర్తులు ఉంటే ఇంకా మంచిది, 40 డిగ్రీల వేడిలో, మైనస్ 10 చలిలో కూడా పరీక్ష చేశారని అర్థం.

ఇప్పటికే ఆ జాకెట్ కొనేసినవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే లైనర్ తిరగేసి, చంక దగ్గర వెలుతురుకి పట్టుకుని టేపు ఉందో లేదో చూసుకోండి. పొడిగా ఉండగానే ఫొటోలు తీసి పంపండి. వాళ్లు వీడియో అడిగినా సరే, నీళ్లు మాత్రం పోయకండి.