నాలుగో నెలలో మొదలయ్యే ఐరన్, కాల్షియం మాత్రలు: కాన్పు దాకా వాడాక సమీక్ష

వేవిళ్ళు తగ్గి నోటికి కాస్త రుచి తెలిసే వేళకి ఈ రెండు రకాల మాత్రలూ చేతిలో పడతాయి. పన్నెండు, పధ్నాలుగు వారాల దాకా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. ఆ తర్వాత ఐరన్, కాల్షియం కలుస్తాయి. ఏ కంపెనీది మంచిదని అందరూ అడుగుతారు. వాడి చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, కంపెనీ తేడా కొంచెమే, వేసుకునే వేళ తేడా చాలా.

ముందు ఎర్ర మాత్ర సంగతి. వైజాగ్‌లోని ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్‌లో, ఘోషాసుపత్రిలో, పేటలో ఉండే పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చేది ఇదే. మాత్రకి 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకి ఒకటి చొప్పున కాన్పుకి ముందు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. పైన పంచదార పూత ఉంటుంది కాబట్టి నోట్లో నానబెట్టకుండా గబుక్కున మింగేయాలి, పూత కరిగితే తుప్పు వాసన గొంతులోనే ఉండిపోతుంది. మెడికల్ షాపులో ఎక్కువగా దొరికేది ఫెర్రస్ ఆస్కార్బేట్, సాధారణంగా 100 మిల్లీగ్రాముల ఐరన్‌తో. కడుపులో తిప్పడం దీనితో నాకు తక్కువే అనిపించింది, ఖర్చు మాత్రం ఎక్కువ. హిమోగ్లోబిన్ 11 గ్రాములు దాటి ఉండి, ఎర్ర మాత్ర పడుతుంటే డబ్బు పెట్టాల్సిన పనేమీ లేదు.

షాపులో కొంటే అట్ట వెనక చదవండి. ఐరన్ కలిసి ఉండే లవణం (రసాయన సమ్మేళనం) బరువు వేరు, అందులో ఉండే అసలు ఐరన్ బరువు వేరు, ‘ఎలిమెంటల్’ అన్న మాట పక్కన ఉన్న అంకె చూడాలి. కాల్షియానికీ అంతే. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములంటే అసలు కాల్షియం 500. సిట్రేట్ 1000 అయితే వచ్చేది 210 దగ్గరే. పధ్నాలుగో వారం నుంచి రోజుకి రెండు మాత్రలు, ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి3 అన్నది ప్రభుత్వ లెక్క. ఈ రెండు కాల్షియం మాత్రలూ ఒకేసారి మింగితే ఒంటికి పట్టేది తగ్గుతుంది.

ఇక అసలు చిక్కు. ఐరన్, కాల్షియం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. భోజనం కాగానే రెండూ కలిపి మింగేసి ‘అయిపోయింది’ అనుకునేవాళ్ళే ఎక్కువ, అందుకే నెలలు గడిచినా రక్తం పెరగదు. మధ్యలో కనీసం రెండు గంటలుండాలి. కార్బొనేట్ రకం కాల్షియం కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం భోజనంతో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. ఐరన్‌కి ఖాళీ కడుపు మేలు. ఎనిమిదింటికి టిఫినయితే పదకొండుకి ఐరన్, పక్కన నిమ్మరసమో జామకాయో. ఒంటిగంటకి భోజనం, కాల్షియం. ఆఫీసుకెళ్ళేవాళ్ళకి పదకొండు కుదరకపోతే రాత్రి ఎనిమిదికి తిని, పదిన్నరకి ఐరన్. వెంటనే పడుకుంటే గుండెల్లో మంట పుడుతుంది, అరగంట కూర్చోవాలి.

టీ, కాఫీలు ఐరన్‌కి గంట ముందూ గంట తర్వాతా వద్దు. మజ్జిగా, పాలూ అంతే. మన వైపు ఇంకొకటుంది, చోడి (రాగి) అంబలి. బలమని పెద్దవాళ్ళు పోస్తారు, బలమే. కానీ చోళ్ళలో కాల్షియంతో పాటు ఐరన్‌ని పట్టి ఉంచే ఫైటేట్లు కూడా ఉంటాయి. పొద్దున అంబలి తాగి, దాని మీదే ఐరన్ మాత్ర వేసుకుంటే మాత్ర చాలావరకు వృథా. అంబలి మానక్కర్లేదు, వేళ మార్చుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ ఐరన్, కాల్షియం మాత్రలకీ నాలుగు గంటల ఎడం పెట్టాలి. ఛాతీ మంటకి తాగే గ్యాస్ మందూ ఐరన్‌ని అడ్డుకుంటుంది, ఎప్పుడు తాగాలో డాక్టరుని అడిగి తీరాలి.

మలం నల్లగా వస్తుంది, భయం లేదు. జిగటగా తారులా, దుర్వాసనతో వచ్చినా, ఎర్రగా రక్తం కనిపించినా అది మాత్ర పని కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. మలబద్ధకం మాత్రం చాలామందికి వస్తుంది. ఈ నెలల్లో హార్మోన్ల వల్ల పేగు కదలిక ముందే మందగించి ఉంటుంది, పైన ఐరన్ తోడవుతుంది. వైజాగ్ ఉక్కపోతలో తాగిన నీళ్ళు చెమటకే సరిపోతాయి, దాంతో మలం ఇంకా గట్టిపడుతుంది. నీళ్ళు పెంచి, కూరల్లో ఆకుకూర పెంచి, సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడిస్తే చాలామందికి సర్దుకుంటుంది. లేదంటే పెద్ద గ్లాసుడు నీళ్ళతో ఇసబ్‌గోల్, అదీ మాత్రలకి దూరంగా. ఏదీ పనిచేయకపోతే మాత్ర ఆపేయకుండా రకం మార్చమని అడగండి. ఖర్జూరం, బెల్లం, మునగాకు అన్నీ మంచివే, కానీ ఈ మాత్రకి బదులు కావు.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 11.8 ఉన్నది ఆరో నెలకి 10.8 అయిందని కంగారు పడేవాళ్ళున్నారు. ఈ నెలల్లో రక్తంలో నీటి భాగం ఎర్రకణాల కన్నా వేగంగా పెరుగుతుంది, అంకె కొంచెం దిగడం మామూలే. అలాగని మన లెక్కకే వదిలేయకూడదు. 11కి తగ్గితే డాక్టర్లు రోజుకి రెండు మాత్రలు చేసి, నెలకి మళ్ళీ చూస్తారు. సరిగ్గా వాడితే నెలకి దాదాపు 1 గ్రాము పెరగాలి. పెరగలేదంటే ముందు వేళలు చూసుకోవాలి, అవీ సరిగ్గా ఉంటే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులైన తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలు అడగాలి. సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే పాడేరు, అరకు ఏజెన్సీ వైపు కుటుంబాలవాళ్ళు ఆ సంగతి మొదటి నెలల్లోనే డాక్టరుకి చెప్పేయడం మేలు. 7కి తక్కువైతే మాత్రలతో పని కాదు, వెంటనే ఆసుపత్రే. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9న గర్భిణులకి ప్రత్యేక పరీక్షలుంటాయి, అట్ట అయిపోయేలోగా ఆ రోజే కొత్తది అడిగి తెచ్చుకోవచ్చు.

చివరగా దాచడం. సముద్రపు గాలికి విడి మాత్రలు చెమ్మ పట్టి అతుక్కుంటాయి, మచ్చలొస్తాయి. అలాంటివి వేసుకోవద్దు. కాగితం పొట్లంలో ఇస్తే మూత గట్టిగా ఉండే సీసాలోకి మార్చి, పొయ్యి దగ్గరా, బాత్రూం పక్కనా కాకుండా ఎత్తైన అల్మరాలో పెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఎత్తు తప్పనిసరి. ఎర్రటి రంగు, తీపి పూత చూసి మిఠాయనుకుంటారు, నాలుగైదు మింగినా పసివాళ్ళకి ప్రాణం మీదికి రావచ్చు. మింగారని అనుమానమొస్తే వాంతి కోసం ఎదురుచూడకుండా సీసా పట్టుకుని అత్యవసర విభాగానికి పరుగెత్తాలి.