యూనివర్సిటీ ఇంగ్లీష్ సపోర్ట్ క్లాసులు: ఏవి పనికొచ్చాయి, ఏవి రాలేదు

విదేశంలో చదివేటప్పుడు ఫీజులోనే కలిపి ఇచ్చే ఇంగ్లీష్ సపోర్ట్ క్లాసుల గురించి ఈ రివ్యూ. విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండ్ (స్కోరు) వచ్చింది, ఇంకా ఎందుకు అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ ఆ స్పీకింగ్ టెస్ట్ 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా ఉండేది మన మాట ఓపిగ్గా వినే ఒక్క ఎగ్జామినర్. సెమినార్‌లో నలుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరడం వేరే సంగతి.

అన్నిటికంటే బాగున్నది స్పీకింగ్ పార్ట్‌నర్ సెషన్. లోకల్ స్టూడెంట్ ఒకరితో కూర్చోబెడతారు, టాపిక్ మన ఇష్టం. నా పార్ట్‌నర్ తప్పులు దిద్దేవాడు కాదు, అర్థం కాకపోతే మొహం చిట్లించి ఆగిపోయేవాడు, అంతే. ఓసారి గ్రూప్ ప్రాజెక్ట్‌లో జరిగిన గొడవ చెబుతుంటే ఎవరు ఎవరిని ఏమన్నారో అతనికి తేలలేదు, దాంతో అదే సంగతి వేరే వాక్యాల్లో మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. అసలు నేర్చుకోవడం జరిగేది అక్కడే. కెనడాలో ఫ్రెంచ్ మీడియంలో ఏళ్ల తరబడి చదివిన ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలకి ఫ్రెంచ్ వింటే బాగానే అర్థమయ్యేది కానీ మాట్లాడటంలో, రాయడంలో గ్రామర్ వెనకబడే ఉండేదని భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లోనే రాశారు. లెక్చర్లు వింటూ ఉంటే ఇంగ్లీష్ అదే వచ్చేస్తుందన్నది నిజం కాదు.

రైటింగ్ సెషన్ కూడా మంచిదే, కాకపోతే ప్రూఫ్‌రీడింగ్ (తప్పులన్నీ దిద్దిపెట్టడం) మేం చెయ్యం అని ముందే చెప్పేస్తారు. పేరాలో పదే పదే వచ్చే తప్పు ఒక్కటి పట్టుకుని (నా విషయంలో a, an, the అనే ఆర్టికల్స్), మిగతాచోట్ల మనల్నే వెతకమంటారు.

వొకాబులరీ క్లాస్ మాత్రం దండగ. అకడమిక్ వర్డ్ లిస్ట్ (చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే పదాల జాబితా)లోని 570 పద కుటుంబాలు, అంటే ఒక్కో పదం, దాని రూపాలు, ప్రింట్ తీసి ఇచ్చి చదివించారు, ఒక్కటీ వాడించలేదు. లిస్ట్ మంచిదే, ఆ పద్ధతే బాగాలేదు.

పెద్ద లోపం గ్రూపులు వేసే తీరు. డిపార్ట్‌మెంట్ ప్రకారం వేస్తారు, ఒకే కోర్సులో మనవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఒకే భాష వాళ్లం ఒకే బల్ల దగ్గర చేరి, టీచర్ అటు తిరగగానే మన భాషలోకి వచ్చేస్తాం. కొత్తలో మనవాళ్ల తోడు చాలా అవసరం, అది తప్పని నేను అనను, కానీ రూమ్‌లో, క్లాసులో, పార్ట్‌టైమ్‌లో కూడా వాళ్లే అయితే ఇంగ్లీష్‌లో నోరు విప్పే సందర్భమే రాదు. ఈ క్లాసుల్లోనైనా వేర్వేరు భాషల వాళ్లని కలిపి కూర్చోబెట్టాలి, అడిగితే మారుస్తారు, అడగండి. పార్ట్‌నర్ స్లాట్లు మాత్రం సెమిస్టర్ మొదట్లోనే అయిపోతాయి, టెన్షన్‌గా అనిపించినా ముందు పేరు ఇచ్చేయండి.