జాగ్రత్త: "మార్చి తెస్తాం" అనగానే ప్లేటు ఇచ్చేయకండి

ఆదివారం రాత్రుళ్లు ఫ్యామిలీతో రెస్టారెంట్లకి వెళ్లే హైదరాబాద్ వాళ్ల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. తిండి బాగోలేదని చెప్పగానే కెప్టెన్ (సర్వ్ చేసేవాళ్ల మీద ఉండే అతను) నవ్వుతూ వచ్చి, "సారీ మేడమ్, ఇప్పుడే మార్చి తెస్తా" అని ప్లేటు తీసుకుపోతాడు. చాలాచోట్ల అది నిజంగానే మర్యాద. కొన్నిచోట్ల మాత్రం ఆధారం మాయం చేసే పద్ధతి. ప్లేటు వంటింట్లోకి వెళ్లిపోయాక మీ దగ్గర మీ మాట తప్ప ఏమీ మిగలదు. అందుకని ముందు ఫోటో, తర్వాతే ప్లేటు.

మాకు జరిగింది చెప్తాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి హోటల్ పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి తెలిస్తే ఏ హోటల్లో అయినా పనికొస్తుంది.

మటన్ బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్, అపోలో ఫిష్ చెప్పాం. బిర్యానీ హండీలో వచ్చింది. పైన అన్నం పొగలు కక్కుతోంది, వేయించిన ఉల్లిపాయ కరకరలాడుతోంది, పుదీనా పచ్చగా ఉంది. గరిటె అడుగుదాకా దించి తీస్తే ముక్కలు చల్లగా ఉన్నాయి. ముక్క చుట్టూ మసాలా జిగురుగా వేలికి అంటుకుంటోంది. మటన్‌కి కాస్త నీచు ఉంటుంది, అది మనందరికీ తెలుసు. ఇది నీచు కాదు, పులిసిన వాసన. దమ్ మీద నుంచి దించిన బిర్యానీకి అడుగే ఎక్కువ వేడిగా ఉండాలి. పైన పొగలు, కింద చల్లదనం అంటే మిగిలిపోయిన దాని మీద వేడన్నం కప్పారని నాకు అర్థమైంది.

"మటన్ కదా మేడమ్, కొంచెం స్మెల్ ఉంటుంది" అన్నాడు సర్వ్ చేసిన అబ్బాయి. అతన్ని ఏమీ అనలేదు, వండింది అతను కాదు కదా. కెప్టెన్ వచ్చాడు. వాసన కూడా చూడకుండా మామయ్యగారి ప్లేటు, మా ఆయన ప్లేటు ఎత్తేశాడు. హండీ కోసం చెయ్యి చాచాడు. హండీ మాత్రం నేను వదల్లేదు. "అది ఉండనివ్వండి, మేనేజర్ గారు చూశాక తీసుకెళ్దురు గానీ" అన్నాను. అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. ఈలోపు మా ఆయన ఫోన్ తీసి హండీని, టేబుల్ నంబర్‌ని, గోడ మీది గడియారాన్ని కలిపి ఒక వీడియో తీశారు.

మేము మంచినీళ్లు తాగేలోపే "కొత్త" బిర్యానీ వచ్చేసింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. బిర్యానీ ప్లేటు ప్లేటుకీ విడిగా వండరు, పెద్ద డేగ్‌లో ఒకేసారి వేస్తారు. మార్చి తెచ్చారంటే అదే డేగ్ నుంచి ఇంకో గరిటె వేశారని అర్థం. ముక్క తేడా కొడితే అదే వంటకం మళ్లీ ఒప్పుకోకండి. వేరే ఐటమ్ అడగండి, లేదా దాన్ని బిల్లులోంచి తీసేయమనండి. సలాన్, రైతా మారిస్తే బిర్యానీ మారినట్టు కాదు.

మామయ్యగారు మెల్లగా "పోనీలేమ్మా, నలుగురూ చూస్తున్నారు, గొడవెందుకు" అన్నారు. పెద్దాయన, ఆయన తీరు అది. కానీ ఇలాంటి హోటళ్లు నడిచేది ఈ మాట మీదే. కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకి బేరమాడే మనం, ఏసీ హాల్లో కూర్చోగానే రెండు వేల బిల్లు కిక్కురుమనకుండా కట్టేస్తాం.

మేనేజర్ వచ్చాక అసలు కథ మొదలైంది. "మా దగ్గర ఎప్పుడూ ఇలా జరగలేదమ్మా" అన్నాడు. కాసేపటికి "ఇరవై శాతం తగ్గిస్తాను, రివ్యూ మాత్రం పెట్టకండి" అన్నాడు. తర్వాత వచ్చిన బిల్లు చూస్తే పైన "ఎస్టిమేట్" అని ఉంది. జీఎస్టీ నంబర్ లేదు, ఫుడ్ లైసెన్స్ నంబర్ లేదు. కింద "స్టాఫ్ వెల్ఫేర్" అని ఐదు శాతం కలిపారు, దాని మీద కూడా జీఎస్టీ వేశారు. స్కాన్ చేయమని ఇచ్చిన క్యూఆర్ కోడ్‌లో హోటల్ పేరు రాలేదు, ఎవరో వ్యక్తి పేరు వచ్చింది. ఆ ఎస్టిమేట్ కాగితానికి డబ్బు కట్టి బయటికొచ్చేస్తే మనం ఆ హోటల్లో తిన్నట్టు కూడా రుజువు ఉండదు. అసలు బిల్లు ఇస్తేనే కడతామని కూర్చున్నాం. చివరికి ఇచ్చారు. దాంట్లో తగ్గింపు లేదు. "ఎస్టిమేట్ మీద అయితేనే తగ్గిస్తాం" అట!

కాబట్టి డబ్బు కట్టేముందు బిల్లు ఒక్క నిమిషం చదవండి. జీఎస్టీ నంబర్ 15 అక్షరాలది, తెలంగాణ హోటల్ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో మొదలవుతుంది. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతమే. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం ఉంటుంది. కాంపోజిషన్ స్కీమ్‌లో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ అసలు వసూలు చేయకూడదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే ఫుడ్ లైసెన్స్ నంబర్, 14 అంకెలు, 2022 జనవరి 1 నుంచి అది బిల్లు మీద ఉండి తీరాలి. ఆ నంబర్‌ని ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైట్ ఫాస్కాస్ (FoSCoS)లో కొట్టి చూస్తే లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో, నడుస్తోందో లేదో తెలిసిపోతుంది.

సర్వీస్ ఛార్జ్ సంగతి ఇంకా సూటిగా ఉంది. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం హోటల్ తనంతట తాను బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలపకూడదు, పేరు మార్చి కూడా వసూలు చేయకూడదు. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చింది. "స్టాఫ్ వెల్ఫేర్" అన్నా, "కాంట్రిబ్యూషన్" అన్నా అదే. తీసేయమంటే తీసేయాలి. సర్వ్ చేసిన అబ్బాయికి ఇవ్వాలనిపిస్తే చేతికే ఇవ్వండి, మేమూ ఇచ్చాం.

అసలు ప్రతిదానికీ ఫిర్యాదు చేయాలా? నేనైతే చేయను. ఉప్పు తక్కువైందనో, కారం ఎక్కువైందనో, ఆర్డర్ ఆలస్యమైందనో ఆఫీసుల దాకా పోనక్కర్లేదు. టేబుల్ దగ్గరే చెప్తే చాలామంది సరిచేస్తారు. సగానికి పైగా తిన్నాక బాగోలేదంటే మాత్రం ఎవరూ వినరు, వినకపోవడంలో తప్పు కూడా లేదు. డబ్బు ఎగ్గొట్టడానికి తామే వెంట్రుక వేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లని చూసి చూసి హోటల్ వాళ్లు మనల్నీ అనుమానిస్తారు. కానీ పాసిపోయిన వాసన, పచ్చిగా ఉన్న చికెన్, పురుగు, బొద్దింక వీటిని వదిలేయకండి. తేడా కొట్టిన మొదటి ముద్ద దగ్గరే ఆపి చెప్పండి. గొంతు పెంచారంటే మాట మీ అరుపు మీదికి మళ్లుతుంది, బిర్యానీ పక్కకి పోతుంది.

"మళ్లీ వేడి చేసి ఇస్తాం" అన్నా ఒప్పుకోకండి. వేడి వంటకాలు 60 డిగ్రీల పైన, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉంచాలనేది నియమం. మధ్యలో గంటల తరబడి ఉంటే బ్యాక్టీరియా పెరుగుతుంది. వండిన అన్నంలో, మాంసంలో పెరిగే కొన్ని రకాలు వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలవ్వచ్చు. వేరే రకాల వల్ల ఒకట్రెండు రోజుల తర్వాత కూడా జ్వరం, విరేచనాలు రావచ్చు.

మా అత్తయ్యగారికి ఆ రాత్రే వాంతులయ్యాయి. అది ఆ బిర్యానీ వల్లేనని నేను రుజువు చేయలేను, ఫిర్యాదులోనూ అలా రాయలేదు. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, వాంతులు ఎన్నింటికి మొదలయ్యాయి, ఇంతే రాసి డాక్టర్ చీటీ జతచేశాం. మీరూ డాక్టర్ దగ్గర ఎక్కడ ఏం తిన్నారో చెప్పి, చీటీ మీద అది రాయించుకోండి.

ఇక ఫిర్యాదు ఎవరికి చేయాలన్నది. ఇక్కడే చాలామంది తప్పు తలుపు తడుతున్నారు. శుభ్రత, పాసిపోయిన తిండి, పురుగుల విషయం ఫుడ్ సేఫ్టీ వాళ్లది. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలు, బిల్లు పెట్టొచ్చు, లేదా 1800112100కి ఫోన్ చేయొచ్చు. హైదరాబాద్‌లో అయితే జీహెచ్ఎంసీకి 040-21111111లో కూడా చెప్పొచ్చు. శుచిగా లేని చోట వండినందుకు, తిండిలో బయటి వస్తువు వచ్చినందుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, మీ బిల్లు డబ్బు మీకు రాదు. అయినా చేయండి. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ తనిఖీలు చేసినప్పుడు మంచి పేరున్న హోటళ్లలోనూ గడువు దాటిన సరుకులు దొరికాయి. అదే ఏడాది హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయాక, పచ్చిగుడ్డు మయొనైజ్‌ని రాష్ట్రంలో ఏడాదిపాటు నిషేధించారు. ఎవరో ఒకరు చెప్తేనే ఇవి కదులుతాయి.

బిల్లు మోసం, సర్వీస్ ఛార్జ్, డబ్బు వాపసు అయితే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు. వాళ్లు హోటల్‌కి పంపి సమాధానం అడుగుతారు, శిక్ష వేసే అధికారం వాళ్లకి లేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల గడువు. అయితే వాయిదాలకి తిరగాలి. ఆస్పత్రి ఖర్చయిందంటే వెళ్లండి, ఒక ప్లేటు బిర్యానీ కోసమైతే ఆలోచించుకోండి.

మిగిలింది పార్సిల్ చేయించి ల్యాబ్‌కి ఇస్తామంటారు కొందరు. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు కూడా ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షలో తేడా అని తేలితే ఫీజు వెనక్కిస్తారు. కానీ కొనేటప్పుడే ఆ మాట హోటల్ వాళ్లకి చెప్పి ఉండాలి. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు హైదరాబాద్ నాచారంలోని ప్రభుత్వ ఫుడ్ ల్యాబ్‌కి తీసుకెళ్తే "మీ ఇంట్లోనే పాడైంది" అని కొట్టిపారేస్తారు.

రివ్యూ పెట్టేటప్పుడు తేదీ, వంటకం, ఏం జరిగింది, వాళ్లేమన్నారు, అంతవరకే రాయండి. "కుళ్లిన మాంసం అమ్ముకునే దొంగలు" అని రాస్తే కోపం తీరుతుంది గానీ పరువు నష్టం నోటీసుకి మనమే దారిచ్చినట్టవుతుంది. ఫోటో పెట్టండి, బిల్లు మీద మీ ఫోన్ నంబర్ ఉంటే చెరిపేయండి.

మా సంగతి ఇప్పటికి ఇలా ఉంది. 1915కి చెప్పాక "స్టాఫ్ వెల్ఫేర్" సొమ్ము వెనక్కి వేశారు. ఫుడ్ సేఫ్టీ అధికారి ఫోన్ చేసి మొదట అడిగింది అసలు బిల్లు, రెండోది ఆ హండీ వీడియో. తనిఖీకి వెళ్తామన్నారు, ఏం తేలిందో ఇంకా చెప్పలేదు. తెలిస్తే రాస్తాను.