అమెరికా పడమటి సీమ పాత లితోగ్రాఫులు: క్యూరియర్ అండ్ ఐవ్స్ మేలా, సర్వే బొమ్మలు మేలా?

హాల్లో సోఫా వెనక గోడకి బైసన్ (అమెరికా అడవిదున్నల) మంద పటం కట్టించి పెట్టిన దగ్గర్నుంచి, ఇంటికొచ్చిన వాళ్ళలో సగం మంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మేమూ ఇలాంటి పాత లితోగ్రాఫ్ ఒకటి కొందామనుకుంటున్నాం. అందరూ చెప్పే క్యూరియర్ అండ్ ఐవ్స్ వదిలేసి మీరు ఇదెందుకు కొన్నారు?" లితోగ్రాఫ్ అంటే రాయి మీద గీసి అచ్చు తీసిన బొమ్మ. మేముండేది అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో. ఇక్కడి పాతసామాన్ల కొట్లలో క్యూరియర్ అండ్ ఐవ్స్ బొమ్మలూ, మా పటంలాగా 1850ల ప్రభుత్వ రైలు సర్వేల్లో గీసిన బొమ్మలూ రెండూ దొరుకుతాయి కాబట్టి ప్రశ్న సహజమే. నేను కూడా ఏడాది పాటు ఈ రెండిటి మధ్యే ఊగాను.

ముందు క్యూరియర్ అండ్ ఐవ్స్. నేథనియల్ క్యూరియర్ 1830లలో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన అచ్చు వ్యాపారంలోకి 1857లో జేమ్స్ ఐవ్స్ భాగస్తుడిగా వచ్చాడు. 1907లో మూసేసేలోపు ఏడు వేలకు పైగా బొమ్మలు వేశారు. సున్నపురాయి మీద గీసిన బొమ్మని నల్లగా అచ్చు తీసేవారు. ఆ తర్వాత బల్ల దగ్గర వరసగా కూర్చున్న ఆడవాళ్ళు తలా ఒక రంగు అద్దేవారు. చిన్న సైజు బొమ్మ పాతిక సెంట్ల లోపే వచ్చేది, పెద్దది ఒకటి నుంచి మూడు డాలర్లు. మన ఇళ్ళలో రవివర్మ ప్రెస్ లక్ష్మీ, సరస్వతుల పటాలు ఎలా వెలిశాయో, అమెరికా మధ్యతరగతి ఇళ్ళలో ఇవి అలా వెలిశాయి.

అందం విషయంలో వాటికి సాటి లేదు, ఒప్పుకుంటాను. 1868లో వచ్చిన "అక్రాస్ ది కాంటినెంట్" చూడండి. బొమ్మ మధ్యలోంచి రైలు పట్టాలు కనుచూపు మేర వెళ్ళిపోతాయి. ఎడమవైపు దుంగల ఇళ్ళు, బడి, చెట్లు కొట్టేవాళ్ళు. కుడివైపు గుర్రాల మీద ఇద్దరు ఆదివాసులు, రైలు పొగ వాళ్ళ మీదికి కమ్ముతోంది. ఒక దేశం తన గురించి తాను ఏమనుకుందో అంతా ఒకే కాగితం మీద ఉంది. కానీ ఖండాన్ని దాటే రైలు మార్గం యూటాలో కలిసింది 1869 మే 10న. అంటే బొమ్మ ముందు వచ్చింది, దారి ఏడాది తర్వాత పూర్తయింది. ఆ బొమ్మ గీసిన ఫ్యానీ పామర్ ఇంగ్లండ్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన గొప్ప చిత్రకారిణి. పడమటి మైదానాలు మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

నా ఎంపిక తేలింది ఇక్కడే. ఈ కంపెనీకి ప్రెయిరీ (గడ్డిమైదానాల) వేటగాళ్ళ బొమ్మలు గీసిన ఆర్థర్ టెయిట్ కూడా ఆ మైదానాల్లో అడుగు పెట్టలేదు. అతనూ, ఇంకో చిత్రకారుడు లూయిస్ మౌరరూ న్యూయార్క్ లైబ్రరీలో, పడమటికి స్వయంగా వెళ్ళి గీసిన జార్జ్ క్యాట్లిన్, కార్ల్ బోడ్మర్‌ల పుస్తకాలు ముందేసుకుని ఆదివాసుల వేషభాషలు నేర్చుకున్నారని మౌరరే తర్వాత చెప్పాడు. గడ్డికి ఎదురుమంట పెట్టి దావానలం నుంచి తప్పించుకునే వేటగాళ్ళ బొమ్మ టెయిట్‌ది. చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మంట అతను కళ్ళారా చూడలేదని తెలిశాక నాకు ఆ బొమ్మ ముందు నిలబడాలనిపించలేదు. రేపు మా పిల్లలు "అప్పుడు ఇక్కడ ఇలాగే ఉండేదా?" అని అడిగితే అవునని ధైర్యంగా చెప్పగలగాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఇక సర్వే బొమ్మలు. పసిఫిక్ తీరానికి రైలు ఏ దారిన వెయ్యాలో తేల్చమని 1853లో అమెరికా కాంగ్రెస్ లక్షా యాభై వేల డాలర్లు ఇచ్చింది. సైన్యం వాళ్ళు వేరువేరు దారుల్లో బయల్దేరారు, చిత్రకారుల్ని వెంట తీసుకెళ్ళారు. ఆ నివేదికలు 1855 నుంచి పెద్ద పెద్ద సంపుటాలుగా, లితోగ్రాఫులతో సహా అచ్చయ్యాయి. ప్రభుత్వం వేలల్లో వేయించింది కాబట్టి పుస్తకాల్లోంచి విడిపోయిన బొమ్మలు ఇప్పటికీ మామూలు ఉద్యోగి కొనగలిగే ధరకి దొరుకుతున్నాయి.

ఉత్తర మార్గం సర్వే నడిపిన ఐజాక్ స్టీవెన్స్ వెంట వెళ్ళిన చిత్రకారుడు జాన్ మిక్స్ స్టాన్లీ. డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటో కెమెరా కూడా మోసుకెళ్ళాడు. ఇప్పటి నార్త్ డకోటాలో జెస్సీ చెరువు దగ్గర 1853 జులైలో వాళ్ళకి బైసన్ మంద ఎదురైంది. ఐదు లక్షలు ఉంటాయని అన్నవాళ్ళున్నారు, రెండు లక్షలంటే ఎక్కువ చెప్పినట్టు కాదని స్టీవెన్స్ రాశాడు. స్టాన్లీ గీసింది ఆ మందనే. ముందు వరసలో జంతువులు విడివిడిగా కనిపిస్తాయి. వెనక్కి పోయేకొద్దీ చుక్కలవుతాయి, ఆ చుక్కలు ఆకాశం అంచులో కలిసిపోతాయి. రంగులు రెండు మూడే, అవీ వెలిసినట్టు ఉంటాయి. 1889లో జంతుశాస్త్రజ్ఞుడు విలియం హోర్నడే లెక్క వేస్తే ఉత్తర అమెరికా ఖండమంతా కలిపి మిగిలిన బైసన్‌లు 1,091. మా గోడ మీద ఉన్న పటం ఇదే. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంకో సంగతి. స్టాన్లీ తన తైలచిత్రాలు నూట యాభైకి పైగా వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంచాడు. 1865 జనవరి 24న అక్కడ మంటలు రేగి దాదాపు అన్నీ కాలిపోయాయి. కాబట్టి ఆ మనిషి చూపులో ఎక్కువ భాగం మనకి చేరింది ఈ పలచటి అచ్చు కాగితాల ద్వారానే.

అదే మంటల్లో ఛార్లెస్ బర్డ్ కింగ్ వేసిన ఆదివాసీ నాయకుల చిత్రాలూ పోయాయి. ఎక్కువగా వాటి నుంచే తీసిన 120 లితోగ్రాఫులు మెకెన్నీ, హాల్ అనే ఇద్దరు తెచ్చిన మూడు సంపుటాల్లో ఉన్నాయి. ముఖాలు కావాలనుకునే వాళ్ళకి అవి చాలా మంచివి. అయితే చాలావరకు వాషింగ్టన్‌కి వచ్చిన ప్రతినిధుల్ని కూర్చోబెట్టి వేసినవి, అందుకే సీమ బతుకు వాటిలో కనిపించదు.

డబ్బు లెక్క చూసుకోనక్కర్లేకపోతే మాత్రం నేను చెప్పేది క్యాట్లిన్ పేరే. 1832లో ఎల్లోస్టోన్ అనే పొగ ఓడలో మిసోరీ నది ఎదురెక్కి వెళ్ళినవాడు. వేట, ఆటలు, నాట్యాలు కళ్ళారా చూసి, 1844లో లండన్‌లో 25 ప్లేట్ల (అచ్చు బొమ్మల) పోర్ట్‌ఫోలియో తెచ్చాడు. తోడేలు చర్మం కప్పుకుని బైసన్ మంద వైపు పాకుతున్న వేటగాళ్ళ ప్లేటు ఒక్కటి చాలు. చూసిన పదేళ్ళ తర్వాత లండన్‌లో అచ్చు రాళ్ళ మీదికి ఎక్కించినవి కాబట్టి కొంత నాటకీయత చేరిందనేది నిజం. ఒక్కో ప్లేటు వేల డాలర్లు పలుకుతుంది.

బోడ్మర్ బొమ్మలు అద్భుతం, కానీ అవి లితోగ్రాఫులు కావు, రాగి, ఉక్కు రేకుల మీద చెక్కిన ఆక్వాటింట్లు. మా ఊరి జాస్లిన్ మ్యూజియంలో అతని అసలు నీటిరంగులే ఉన్నాయి, వెళ్ళి చూస్తే చాలు. థామస్ మోరన్ గీసిన ఎల్లోస్టోన్ ప్రాంతపు లోయల రంగు అచ్చులూ ఉన్నాయి గానీ వాటిలో ముఖ్యంగా ఉన్నది కొండలు, నీళ్ళు, సీమ బతుకు కాదు.

కొనే ముందు భూతద్దం తప్పకుండా తీసుకెళ్ళండి. రాయి మీద మైనపు పెన్సిల్‌తో గీసిన గీతలో గరుకు ఒక పద్ధతి లేకుండా ఉంటుంది. చుక్కలన్నీ గళ్ళు గీసినట్టు వరసగా ఉంటే అది తర్వాతి ఫోటో అచ్చు. క్యూరియర్ బొమ్మల్లో ఈ మోసం ఎక్కువ, ఎందుకంటే 20వ శతాబ్దంలో క్యాలెండర్ల మీద లెక్కలేనన్ని సార్లు వేశారు. మొదట్లో నేనూ అలాంటి క్యాలెండర్ కాగితాన్నే అసలుదనుకుని ఒక కొట్టులో కొన్నాను. బొమ్మ కింద "ఎన్. క్యూరియర్" అని ఒక్క పేరే ఉంటే 1857కి ముందుదన్న గుర్తు. అంచులు కత్తిరించారేమో, పాత అట్ట చుట్టూ గోధుమరంగు మచ్చ పట్టిందేమో చూడండి.

సర్వే బొమ్మల్లో దొంగ అచ్చుల టెన్షన్ తక్కువ. వాటికి వేరే జబ్బులున్నాయి: పుస్తకంలో మడత పెట్టిన గీత, తేమకి వచ్చిన మచ్చలు, అమ్ముడుపోవడానికి ఎవరో తర్వాత పులిమిన ముదురు రంగులు. మడత ఉన్నా పర్వాలేదు, పులిమినది వద్దు. మా బైసన్ పటానికీ మధ్యలో మడత ఉంది. ఫ్రేమ్ కట్టే ఆయన దాన్ని సాపు చేస్తానన్నాడు, వద్దన్నాను. యాసిడ్ లేని అట్ట, రంగులు వెలవకుండా యూవీ కిరణాల్ని ఆపే అద్దం మాత్రం వేయించాను. ఎండ తగలని తూర్పు గోడకి పెట్టాం.