ఓపెన్ టాప్ హెరాల్డ్ కొంటున్నారా? టోకెన్ ఇచ్చే ముందు ఇది చదవండి

చెన్నైలో పాత స్టాండర్డ్ హెరాల్డ్ కన్వర్టిబుల్ (టాపు తెరుచుకునే కారు) కోసం వెతుకుతున్న మనవాళ్లందరికీ హెచ్చరిక. "ఇంజిన్ తిరుగుతుంది సార్, కాస్త టింకరింగ్ చేయిస్తే చాలు" అని బ్రోకర్ అంటే ఆ మాట నమ్మి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నేను అలాగే ఒకటి కొని మోసపోయాను. మొదట చూసినప్పుడు బండిలో ఒరిజినల్ కార్బురేటర్, డైనమో, మీటర్లు అన్నీ ఉన్నాయి. టోకెన్ తీసుకున్నాక, డెలివరీకి ముందు, అవన్నీ ఊడదీసి పనికిరాని సామాను బిగించారు. అడిగితే "మీరు చూసింది ఇదే" అన్నారు. పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటలో ఇలాంటివి ఎంత తేలిగ్గా అమ్ముడుపోతాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఇంజిన్ నంబరుతో సహా ఏయే భాగాలు ఉన్నాయో రసీదు మీదే రాయించుకోండి, ఫొటోలు తీసుకోండి.

టాపు విషయంలో ఇంకా పెద్ద మోసం జరిగింది. హెరాల్డ్ రూఫ్‌ని బోల్టులతో బిగిస్తారు, విప్పడం తేలిక. దాన్ని తీసేసి, పైన గుడ్డ కుట్టించి కన్వర్టిబుల్ అని అమ్మేస్తున్నారు. ఆర్‌సీలో బాడీ టైప్ చూడండి. అక్కడ సెలూన్ (గట్టి రూఫ్ ఉన్న కారు) అని ఉంటే, బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దగ్గర ఇరుక్కుంటారు. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో తెచ్చిన వీఏ సిరీస్ (వింటేజ్) రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఛాసిస్ (కింది ఇనుప ఫ్రేమ్), బాడీ, ఇంజిన్ మార్చని వాటికే. దాని ఫీజు 20,000 రూపాయలు.

ఇక బాగు చేయించాలా, విడగొట్టి అమ్మాలా? పెయింటు చూసి తేల్చకండి. హెరాల్డ్‌కి ఛాసిస్ వేరు, బాడీ వేరు. డోర్లు, బానెట్ తుప్పు పట్టినా ఇంకో బండివి తెచ్చి బిగించుకోవచ్చు. ఛాసిస్ పోతే మాత్రం ఖర్చుకి అంతు ఉండదు, అలాంటప్పుడు విడగొట్టడమే మంచిదని నా అభిప్రాయం. బండిని లిఫ్ట్ ఎక్కించి అడుగుభాగం చూడండి. తుప్పు పట్టకుండా అడుగున పూసే నల్లటి అండర్‌కోటింగ్ కొత్తగా కొట్టి ఉంటే గీకి చూపించమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. నా బండికి ఆ నలుపు వెనక ఫైబర్, పుట్టీ పెట్టి కప్పేశారు. స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగిపోయింది. సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఆరుబయట పడున్న బండి అది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి ఆర్‌సీతో పోల్చడం కూడా మర్చిపోకండి.

1961 నుంచి మద్రాసులోనే తయారైన కారు. దాన్ని విడగొట్టాలంటే మనసు ఒప్పడం లేదు, అయినా నా బండికి వేరే దారి లేదు. ఆర్‌సీ, ఛాసిస్ ప్లేటు విడిగా కొంటామని అప్పుడే కొందరు అడుగుతున్నారు. ఎంత ఇస్తామన్నా ఇవ్వకండి. దొంగ బండికి తగిలిస్తే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. బండి ఇక పనికిరాదని తేలిన 14 రోజుల్లోపు ఆర్టీఓకి తెలిపి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి, 55వ సెక్షన్ చెప్పేది అదే. నేను ఆ పనిలోనే ఉన్నాను.

బానెట్, రెండు డోర్లు గట్టిగా ఉన్నాయి. బ్రోకర్లకి ఇవ్వను. సొంతంగా హెరాల్డ్ బాగు చేయించుకుంటున్నవాళ్లు అడగండి, మీకే ఇస్తాను.