తాళం మాది, చెవి వాళ్లది: హనుమకొండలో సర్వర్లు పెట్టించుకునేవాళ్లు జాగ్రత్త

పేరు రాయను. ఇక్కడ స్కానింగ్ సెంటర్లకు, కాలేజీలకు సర్వర్లు పెట్టేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. ఒళ్లు ఇంకా మండుతోంది, అందుకే రాత్రి పదకొండింటికి కూర్చుని రాస్తున్నాను.

నిరుడు మా స్కానింగ్ సెంటర్‌లో మూడు సర్వర్లు పెట్టించాం. డిస్కులన్నీ లక్స్‌తో (లినక్స్‌లో డిస్కుకు తాళం వేసే సాఫ్ట్‌వేర్) ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనిదే చదవడానికి రాకుండా చేసి, పైన గ్లస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మూడింటినీ ఒకే పెద్ద డిస్కులా కలిపారు. సీటీ, ఎక్స్‌రే ఫైళ్లు మూడింట్లోనూ ఒక్కో కాపీ ఉంటాయి, ఒకటి చెడినా పని ఆగదు. ఆ పద్ధతిని ఇప్పటికీ తప్పు పట్టను. "పేషెంట్ల డేటా అన్నా, 2023లో చట్టం వచ్చింది, 250 కోట్ల దాకా ఫైన్ ఉంది" అని భయపెట్టి మరీ అమ్మారు. ఊళ్లో ఉన్న చిన్న సెంటర్‌కు 250 కోట్లేంది అని ఒక్కసారి నవ్వుకున్నా బాగుండేది. చప్పట్లు కొట్టి చెక్కు రాసిచ్చాను.

పోయిన ఆదివారం గాలివానకు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. సోమవారం పొద్దున ఆన్ చేస్తే మూడింటి మీదా ఒకటే ప్రశ్న: పాస్‌ఫ్రేజ్? అంటే డిస్కు తాళం తీసే పాస్‌వర్డ్. ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఆపలేదు, కాబట్టి అది అలా అడుగుతుందని కూడా మాకు తెలియదు. ములుగు నుంచి వచ్చిన పెద్దాయన, పాత సీటీ తెమ్మని డాక్టర్ పంపితే, బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ఫోన్ చేశాను. అమ్మేటప్పుడు "అన్నా" అన్న మనిషి "చెప్పండి సార్" అన్నాడు. అక్కడే అర్థం కావాల్సింది.

"కీ మా దగ్గరే ఉంటుంది సార్, అది మా సెక్యూరిటీ పాలసీ. మీ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) పోయిన నెలతో అయిపోయింది కదా. 40 వేలు కట్టండి, రేపు మనిషి వస్తాడు."

"డేటా మాది, డిస్కులు మావి, కీ మీదెట్ల అయితది?" అన్నాను.

"అట్లయితే మీరే తెరుచుకోండి సార్." పెట్టేశాడు.

నాకు ఫోన్‌లో వినిపించింది నవ్వో కాదో గాని, నవ్వే అనుకుంటున్నాను. లక్స్‌కు పాస్‌వర్డ్ మర్చిపోయాను అనే బటన్ ఉండదు. కీ లేకపోతే ఆ డిస్కులు ఇనుప ముక్కలే. కట్టాను. మంగళవారం పొద్దున ఒక పిల్లగాడు వచ్చి, ఏటీఎంలో పిన్ కొట్టినట్టు ఎడమ చేయి కీబోర్డుకు అడ్డం పెట్టి టైప్ చేశాడు. నా సర్వర్ రూములో, నేను వెనకాల నిలబడి ఉండగా! సెక్యూరిటీ అంటే ఇదీ, యజమాని కూడా తెరవలేనంత గట్టిది. ఇల్లు కట్టించి తాళంచెవి మేస్త్రీ చేతిలోనే వదిలేసి గృహప్రవేశం చేసుకున్న మొనగాణ్ని నేనే. ఆ పిల్లగాడికి చాయ్ కూడా ఇప్పించాను.

తర్వాత మా మేనల్లుడు వచ్చి చూశాడు. కొత్త కీ చేర్చాలన్నా పాత కీ కావాలట. పైగా వాళ్లు హెడర్ (డిస్కు మొదట్లో తాళం వివరాలు ఉండే భాగం) బ్యాకప్ తీసి పెట్టుకుని ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా పాత బ్యాకప్‌తో పాత పాస్‌వర్డ్ పని చేస్తుందట. అందుకని ఒక్కో సర్వర్‌ను దించి, డిస్కు తుడిచి, మా కీతో కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసి, మిగతా రెండింటి నుంచి ఫైళ్లు దాంట్లోకి హీల్ అయ్యేదాకా, అంటే మళ్లీ కాపీ అయ్యేదాకా, ఆగుతున్నాం. మూడు కాపీలు ఉండటం ఒక్కటే మమ్మల్ని కాపాడింది. మొదటిది పూర్తయ్యేదాకా మధ్యలో కరెంటు పోతే మళ్లీ 40 వేలేనని జనరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మీరు పెట్టించుకుంటే ఆఖరి చెక్కు ఇచ్చే ముందు అన్ని సర్వర్లూ ఆపించండి. మళ్లీ ఆన్ చేసి పాస్‌ఫ్రేజ్ మీ చేత్తో కొట్టండి. తెరుచుకుంటేనే పైసలు. హెడర్ బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని బీరువాలో పెట్టుకోండి, అదే సర్వర్‌లో కాదు. ఎవరి దగ్గరైనా వాళ్ల సెటప్ ఇప్పటికే ఉంటే రీబూట్ చేయకండి, ముందు డేటా బయటికి కాపీ తీయండి.

రెండో సర్వర్ హీల్ అవుతోంది. ఇంకా నాలుగు వేల ఫైళ్లు మిగిలాయని చూపిస్తోంది.